పాతబావి దగ్గర రెండో సాక్షి

కొత్తగా జీవశాస్త్ర అధ్యాపకులుగా చేరినవారు అప్పుడప్పుడు హనుమకొండలోని మా ఇంటికి వస్తుంటారు. వారందరూ అడిగేది దాదాపు ఒకటే: సిలబస్ పూర్తి చేయడం ఎలా? సిలబస్ ఎలాగో పూర్తవుతుంది. నా ఉద్యోగ కాలంలో అది పూర్తి కాని సంవత్సరం లేదు. వారు అడగవలసిన ప్రశ్న వేరు. కళ్ళున్న విద్యార్థికి చూడటం ఎలా నేర్పాలి? జీతం తీసుకుని నేను చేసిన అసలు పని అదొక్కటే అని ఇప్పుడు తోస్తున్నది.

నా పదోన్నతులను, బదిలీలను ఇక్కడ రాయను. వాటిని చదివి ఎవరూ బాగుపడరు. ఒకే ఒక రోజు గురించి రాస్తాను. ఎనభయ్యో దశకం తొలి సంవత్సరాల్లో, దసరాకు ముందు వచ్చే సద్దుల బతుకమ్మ నాడు, మా కళాశాల వెనుక బీడుగా పడి ఉన్న పడావు స్థలంలో పక్షులను, అడవిపూలను, పురుగులను నమోదు చేసిన రోజు అది. ఆ సాయంత్రం తలపుకు వస్తే నా గుండె ఇప్పటికీ వేగంగా కొట్టుకుంటుంది. నన్ను ఎరిగినవారు ఈ వాక్యాన్ని నమ్మరు. నమ్మకపోయినా అది నిజం.

ముందు రూపం, తర్వాత పేరు

ఆ రోజు అర్థం కావాలంటే నా తరగతి నియమం ఒకటి తెలియాలి. ఆ నియమానికి ఒక పుట్టుక ఉంది.

నేను ఉద్యోగంలో చేరింది డెబ్బయ్యో దశకంలో. ఆ ఏడు దసరాకు ముందు మా శాఖలోని సీనియర్ అధ్యాపకులొకరు విద్యార్థులను కోట వైపు తీసుకువెళ్ళారు. వెంట నేనూ ఉన్నాను. రాయి తీసిన గుంత ఒకదానిలో వాననీరు నిలిచి ఉంది. దాని పైన తీగ మీద నీలిరెక్కల పక్షి కూర్చుని ఉంది. సీనియర్ గారు చేయెత్తి, "అదిగో, పాలపిట్ట!" అన్నారు.

దసరాకు పాలపిట్ట కనబడితే ఏడాదంతా శుభమని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. పండుగ నాడు దాన్ని వెతుక్కుంటూ ఊరి బయటకు వెళతారు. అందుచేత ఆ మాట చెవిన పడగానే తరగతి మొత్తం చెప్పులు విడిచి చేతులు జోడించింది. కొందరు కళ్ళు మూసుకున్నారు. మొక్కడం అయ్యాక అందరూ పుస్తకాలు తెరిచి 'పాలపిట్ట' అని రాసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆ పక్షి సూటిగా నీళ్ళలోకి దూకి, ముక్కున చేపతో పైకి లేచింది.

వెనుక వరుసలోంచి ఒక గొంతు వినిపించింది. "సార్, పాలపిట్ట శాపలు గూడ తింటదా?"

"ఒక్కపొద్దు ఇడిసినట్టున్నది," అని ఇంకో గొంతు.

అది లకుముకి పిట్ట. ఎర్రటి పెద్ద ముక్కు, తెల్లని గొంతు. అంత దగ్గరగా, అంత వెలుతురులో కూర్చున్నా ఆ ముక్కును ఎవరూ చూడలేదు. పేరు వినగానే వారికి చూడవలసిన అవసరం తీరిపోయింది.

తర్వాతి కాలంలో నేను స్వయంగా తరగతులను బయటకు తీసుకువెళ్ళడం మొదలుపెట్టినప్పుడు నియమం ఏర్పరిచాను. చూసినవారు ముందు రూపం చెప్పాలి; పేరు ఆ తర్వాతనే. ఒక్కరే చూసింది నమోదు కాదు. రెండో మనిషి విడిగా చూసి, మొదటివారి మాట వినకుండా, తన మాటల్లో చెప్పాలి. రెండు వర్ణనలు ఒకే జీవిని చూపితే అప్పుడు పేరు రాసి ఇద్దరి చేత సంతకం పెట్టించేవాణ్ణి. ఇద్దరూ ఒకే వాక్యం చెబితే మాత్రం నాకు అనుమానం వచ్చేది. కళ్ళతో చూసిన ఇద్దరు మనుషులు ఒకే వాక్యం చెప్పరు. ఒకరి నుంచి ఒకరు విన్నవారే అలా చెబుతారు.

విద్యార్థులు చాటున నన్ను 'జడ్జి సాబ్' అనేవారు. ఆ సంగతి నాకు తెలుసు. అభ్యంతరం ఉండేది కాదు.

చెత్త జాగ

మా ప్రయోగశాల వెనుక గోడకు ఆనుకుని కొంత పడావు భూమి ఉండేది. మధ్యలో ఒక పాతబావి. ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లాల్లోకి వచ్చాక దాన్ని ఎవరూ తోడలేదు. బావి పక్కన వేపచెట్టు, దాని కింద లాంటానా పొద, మిగతా అంతటా నడుము ఎత్తున గునుగు, తంగేడు పూల మొక్కలు. ప్రయోగశాలలో విద్యార్థి చూసే కప్ప ఫార్మలిన్ సీసాలో రంగు పోయి ఉంటుంది. కిటికీ అవతలి కప్ప అరుస్తూ ఉంటుంది. ఆ స్థలం పోతే మా విద్యార్థులకు జీవశాస్త్రం సీసాల దగ్గరే ఆగిపోతుంది.

ఆ ఏడు కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చారు. గణితం చదివిన మనిషి. ఆయన వచ్చాకే మా కళాశాలలో గంట వేళకు మోగింది. ఆయన పట్ల నాకు గౌరవం ఉండేది. దసరా సెలవులకు ముందు నన్ను గదికి పిలిపించారు.

"సార్, మీ డిపార్ట్‌మెంటు ఎన్క ఆ చెత్త జాగ ఉన్నది గదా. సెలవులు కాంగనే సాఫ్ చేయిస్తున్న. సైకిల్ స్టాండు కడుదం. ముంగట క్రోటన్ మొక్కలు పెడుదం."

"అది చెత్త కాదండీ. మా తరగతి గది."

"తరగతి గదిల పాములుంటయా?"

"మా పాఠంలో ఉంటాయి."

ఆయన నవ్వలేదు. "నేను లెక్కల మనిషిని. నాకు మాటలు చెప్పకుండ్రి. అండ్ల ఏమున్నదో సూపెట్టుండ్రి. నా కండ్లతోని చూసి, దీన్ని పోగొట్టుకోవద్దు అని నాకే అనిపించాలె. కాకులు, గడ్డిపూలు సూపెడితె ట్రాక్టర్ ఆగదు."

"ఎప్పుడు వస్తారు?"

"సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం. తెల్లారి మా ఊరికి పోతున్న. నేను మళ్ల రాంగనే పని షురూ అయితది."

ఆయన మాటలో తప్పు లేదు. విద్యార్థుల సైకిళ్ళు ఎండలో పడి ఉండేవి. ఒకసారి ప్రయోగశాలలోకి పాము వచ్చిన మాటా వాస్తవమే. నేను మరే శాఖలో ఉన్నా ఆయన పక్షమే వహించేవాణ్ణి. పై అధికారి మొండివాడైతే ఎదిరించడం సులభం. సమంజసంగా మాట్లాడే అధికారికి సమాధానం చెప్పాలంటే ఆధారం చేతిలో ఉండాలి.

వంతులు

సెలవుల్లో సైతం కొందరు విద్యార్థులు పనికి ముందుకు వచ్చారు. వారిలో ఇద్దరిని పరిచయం చేయాలి. సరళ తండ్రి ఎనుమాముల మార్కెట్‌లో మిరప వ్యాపారి. తరగతిలో తప్పు కనబడితే అధ్యాపకుడిదైనా సరే లేచి నిలబడి చెప్పే అమ్మాయి. రాజమౌళి ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. నోరు ఊరకుండదు, కాని పనిలో శ్రద్ధ ఉంది.

పండుగ ముందురోజు సాయంత్రం మేము స్థలమంతా కొయ్యలు పాతి, దారాలు కట్టి, చదరపు గళ్ళుగా విభజించాం. ఒక్కో గడికి ఇద్దరు విద్యార్థులు. ఏ గడిలో ఏ పువ్వు, ఏ పువ్వు మీద ఏ పురుగు అన్నది వరుసగా రాయాలని ఏర్పాటు. దారాలు కట్టిన ఆ నేల చూస్తే నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

తెల్లవారి వచ్చేసరికి గళ్ళు అలాగే ఉన్నాయి, పూలు లేవు. గునుగు మొత్తం మొదళ్ళదాకా కోసి ఉంది. తంగేడు కొమ్మలు విరిచి ఉన్నాయి. వెనుక బస్తీ ఆడవాళ్ళు గోడ విరిగిన చోటు నుంచి గంపలతో వెళ్తున్నారు. ఆ సాయంత్రం బతుకమ్మలు పేర్చాలి. అడుగు వరుసలకు గునుగు, తంగేడే కావాలి. ఏటా వారు ఆ పూలు కోసుకుపోతారని నాకు తెలియనిది కాదు. దారాలు చూసి ఆగుతారని అనుకున్నాను.

లచ్చవ్వ అనే పెద్దావిడ వెనుకబడి ఉంటే ఆమెను అడిగాను. "ఏమమ్మా, దారాలు కట్టి ఉన్నాయి కదా. కనిపించలేదా?"

"ఎందుకు కనబడలే సార్! మస్తు మంచిగ కట్టిండ్రు," అన్నది ఆమె గంప దించి. "యేటా ఈడ గునుగు కాడ కొట్లాటనే. నాదంటె నాదని జుట్లు వట్టుకుంటం. ఈసారి మీరే వంతులు ఏసిండ్రు. ఒక్కొక్కలం ఒక్కొక్క గడి తీసుకున్నం. మాట మీద మాట రాలే."

పక్కనున్న ఆమె అందుకుంది. "మూలమీది గడి జర చిన్నగయ్యింది సార్. మా కోడలుకు తక్కువచ్చినయి. వచ్చే యేడు సరిజేయుండ్రి."

విద్యార్థులు నవ్వును ఆపుకోవడానికి ముఖాలు తిప్పుకున్నారు. అంతలో వేపచెట్టు వెనుక నుంచి మా అటెండర్ కొమురయ్య తంగేడు కట్టతో బయటపడ్డాడు. నన్ను చూసి ఆ కట్టను వీపు వెనక్కు జరిపాడు. "ప్రిన్సిపాల్ సారింటికే సార్. అమ్మగారు తెమ్మన్నరు."

"సెలవులు కాకముందే సాఫ్ చేసుడు షురూ అయింది సార్," అన్నాడు రాజమౌళి.

ఇక ఎవరూ నవ్వలేదు. సాయంత్రం ప్రిన్సిపాల్ గారికి చూపవలసిన పూలన్నీ గంపల్లో వెళ్ళిపోయాయి. అందరూ నా ముఖం చూస్తున్నారు. నేను అన్నది ఇంతే: "ఉన్నది రాద్దాం. ఎవరి గడిలో వారు కూర్చోండి."

ఎవరూ తెంపని పూలు

మొదట ఎవరికీ మనసు లేదు. తర్వాత ఏదో మారింది.

అన్ని సంవత్సరాలుగా మేము ఆ స్థలాన్ని నడుము ఎత్తు నుంచే చూశాం. గునుగు పోయాక తొలిసారి నేల కనబడింది. బొటనగోరంత నీలిపూల విష్ణుక్రాంత, తెల్లని తుమ్మిపూలు, పసుపుపచ్చని పల్లేరు, గడ్డి చామంతి, నేలను అంటుకుని రెడ్డివారి నానబాలు. వీటిని ఏ బతుకమ్మలోనూ పేర్చరు. ఎవరూ తెంపరు గనుక అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పైగా గునుగు మీద వాలవలసిన తేనెటీగలు, సీతాకోకచిలుకలు చోటు లేక ఈ చిన్న పూల మీదికి దిగాయి. తేలు కొండిలా వంగిన పూగుత్తుల తేలుమణి మొక్క ఒకటి బావి గట్టున ఉంటే, దాని మీద నారింజరంగు సీతాకోకచిలుకలు ఆకు కనబడనంతగా కమ్ముకున్నాయి.

"సార్! ఉరికిరాండ్రి!" అని రాజమౌళి కేక పెట్టాడు. నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. "కందిరీగ పురుగును గుంజుకపోతాంది సార్! పురుగు ఇంక పానంతోనే ఉన్నది!"

"రూపం చెప్పు."

"నల్లగ, నడుము దారం లెక్క సన్నగ, కడుపు మీద ఎర్ర పట్టీ. అరె, బొక్కలకు తోసింది! మట్టి ఏస్తాంది! సార్, చిన్న రాయి నోట్ల పట్టుకుని మట్టి మీద దిమ్మిస కొడుతాంది సార్!"

నలుగురు పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు, త్వరగా నడిచాను. ఆ కందిరీగ నిజంగానే గులకరాయిని దవడల్లో పట్టుకుని, పురుగును దాచిన గుంతపై మట్టిని గట్టిపరుస్తోంది. పుస్తకంలో చదివి బోధించిన సంగతి. కళ్ళతో చూడటం నాకూ అదే మొదలు. ఆ తర్వాత ఎవరినీ బతిమాలవలసిన అవసరం రాలేదు. "సార్, ఇటు", "కాదు సార్, ముందు మాది" అంటూ స్థలమంతా కేకలే. రెండో సాక్షి కోసం ఒక గడి నుంచి మరో గడికి దారాలు దాటుతూ గెంతుతున్నారు. నా దారాలు సగం తెగిపోయాయి.

అయినా మనసులో లెక్క ఉంది. ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారు: గడ్డిపూలకు ట్రాక్టర్ ఆగదు.

సరళ మాట

పొద్దు నడినెత్తికి రాకముందే బావి వైపు నుంచి గోల లేచింది. "పాలపిట్ట! పాలపిట్ట!"

నీలిరంగు మెరుపొకటి నేలకు దగ్గరగా సాగి లాంటానా పొదలో మాయమైంది. నేను చూసింది ఆ మెరుపు మాత్రమే. దసరా ముందు శుభశకునం కదా, విద్యార్థులు చేతులు జోడించారు. బావి గట్టు మీద కూర్చున్న సరళ ఒక్కతే జోడించలేదు.

"పాలపిట్ట గాదు," అన్నది.

"నీలంగ లేదా మరి?" అన్నాడు రాజమౌళి.

"నీలంగున్నదల్ల పాలపిట్టనా? నీ అంగి గూడ నీలమే."

నేను అందరినీ దూరంగా పంపి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రూపం అడిగాను. "నీలం సార్." ఇంకా? "నీలమే సార్." అంతకుమించి ఎవరి దగ్గరా లేదు. చివరికి సరళను అడిగాను.

"అది ఎగరకముందు నేల మీద చానసేపు చూసిన సార్. మైనా అంతుంటది. తోక ఉండీ లేనట్టు. వీపు ఆకుపచ్చ. రెక్క మీద నీలం. కన్ను మీదికెళ్ళి నల్ల పట్టీ. కడుపు గోధుమరంగు. తోక కింద ఎర్రగ, ఎండుమిరప రంగు. రంగు పోయిన తాలు కాయ గాదు సార్, తొలికోత కాయ. ఆకులు తిరగేసుకుంట, తోక కిందికీ మీదికీ ఊపుకుంట దుంకుతాంది."

మిరప రాశుల మధ్య పెరిగిన పిల్ల ఆ ఎరుపును అంతకంటె బాగా మరే మాటతోనూ చెప్పలేదు. నేను అక్షరం పోకుండా రాసుకున్నాను. విద్యార్థిగా ఉన్నప్పుడు హైదరాబాదులో ఒక సంగ్రహాలయపు సొరుగులో, పత్తి కుక్కిన ఆ పక్షి చర్మాన్ని చూశాను. ప్రాణంతో ఎన్నడూ చూడలేదు.

"ఏం పిట్ట సార్ అది?"

"రెండో సాక్షి దొరికాక చెబుతాను."

ఆమె ముఖం ఎర్రబడింది. "నేను అబద్ధం చెప్తున్ననా సార్?"

"లేదు. నువ్వు చూసింది నిజమని నేను నమ్ముతున్నాను. కాని నా నమ్మకం నమోదు కాదు."

ఈ ఒక్క చోట నియమాన్ని సడలించి ఉంటే ఏమయ్యేదని తర్వాత కొందరు నన్ను అడిగారు. ఏమీ అయ్యేది కాదు. 'ఒక విద్యార్థిని చూసిందట' అని ప్రిన్సిపాల్ గారికి చెప్పేవాణ్ణి, ఆయన తల ఊపి ట్రాక్టర్ పంపించేవారు.

మధ్యాహ్నం సరళ మేనత్త వెతుక్కుంటూ వచ్చింది. గోడ దగ్గరే నిలబడి మొదలుపెట్టింది. "సరళా! ఇంటికాడ గునుగుకు రంగులద్ది ఆరబెట్టినం. నువ్వీడ పురుగులు లెక్కవెడుతున్నవా?"

"అత్తా, ఒక్క పిట్ట ఉన్నది. అది మళ్ల బయటికొస్తె ఇంటికొస్త."

"పిట్టను అడిగినవా, ఎప్పుడొస్తదో?" అని ఆమె నా వైపు తిరిగింది. "జర మీరన్న చెప్పుండ్రి సార్. పండుగ నాడు ఆడిపిల్ల ఇంట్ల లేకుంటె ఎట్ల?"

"వెళ్ళమ్మా. నీ మాట రాసుకున్నాను. అది చాలు," అన్నాను సరళతో.

"రెండో సాక్షి లేనిది చాలదని మీరే అన్నరు గద సార్." ఆమె కదలలేదు.

మేనత్త నవ్వేసింది. "దీపాలు పెట్టె యాళ్లకు రాకుంటె మీ అవ్వ నన్ను సంపుతది, యాదికుంచుకో," అని వెళ్ళిపోయింది.

కుంకుమ, మిరప

ఆ తర్వాత పొద వైపు ఎవరినీ వెళ్ళనివ్వలేదు. వేప నీడలో అందరం కదలకుండా కూర్చున్నాం. పిగిలిపిట్టలు వచ్చాయి, జెముడుకాకి వచ్చింది, గోరింకలు కొట్లాడుకున్నాయి. అది మాత్రం రాలేదు.

ఎండ వాలాక ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వెనుక కొమురయ్య కుర్చీ మోసుకు వస్తున్నాడు. కోసిన మొదళ్ళను, తెగిన దారాలను చూసి ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఏమున్నదిక్కడ? సగం పని మీరే చేసినట్టున్నరు."

సీతాకోకచిలుకలు కమ్మిన తేలుమణి మొక్కను చూపించాను. "మా ఇంటెన్క గూడ ఉన్నయి," అన్నారు. కందిరీగ కథ చెప్పాను. మర్యాదగా విన్నారు. తర్వాత కుర్చీని బావి పక్కన వేయించి, కాసేపు మౌనంగా కూర్చోమని కోరాను.

రాజమౌళి ఉండబట్టలేకపోయాడు. "సార్, పొద్దుగాల ఈడ ఒక పాల..."

"రాజమౌళీ!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆ మాట పూర్తిగా ఆయన చెవిన పడి ఉంటే, ఆ సాయంత్రం ఏ పక్షి వచ్చినా ఆయనకు పాలపిట్టే కనబడేది.

"ఏంది దాస్తున్నరు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఏదైనా కనబడితే అదేమిటో మీరే చెప్పాలి. మేము ముందుగా ఏమీ చెప్పం."

"పరీక్షనా నాకు?"

"సాక్ష్యమండీ."

వెలుతురు తగ్గుతోంది. బస్తీ వైపు నుంచి ఆడవాళ్ళ పాట, చప్పట్లు మెల్లగా మొదలయ్యాయి. సరళ ఒకసారి అటు చూసి, మళ్ళీ పొదపై కళ్ళు నిలిపింది. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని లేచారు. "ఇగ నడుస్త సార్. మీ కష్టం మీరు చేసిండ్రు."

అప్పుడు పొదలోంచి ఈల వినిపించింది. రెండు స్వరాలు, స్పష్టంగా, ఒక మనిషి మరో మనిషిని పిలిచినట్టు. ఆయన లేచినవారు లేచినట్టే ఆగిపోయారు. మళ్ళీ ఈల. పొద అంచున ఆకులు కదిలాయి, పక్షి బయటికి దుమికింది.

ముందురోజు అయితే అది గునుగులో కలిసిపోయేది. ఎవరికీ కనబడేది కాదు. లచ్చవ్వ వాళ్ళు కోసిన చోటు ఇప్పుడు ఊడ్చిన వాకిలిలా ఉంది. ఆ వాకిలిలో, మిగిలిన పల్చటి వెలుతురులో, అది మా ముందే రెండు గళ్ళు దాటింది. ఆగి, ఆకు తిరగేసి, తోక ఊపి, మళ్ళీ దుమికింది. ప్రిన్సిపాల్ గారు చప్పుడు లేకుండా కుర్చీలో కూర్చున్నారు. తర్వాత పక్షి నీలంగా మెరిసి గోడ అవతలికి వెళ్ళిపోయింది.

విద్యార్థులు నోరు తెరవకుండా చేయెత్తి ఆపాను. "చెప్పండి. ఏం చూశారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పాలపిట్ట మాత్రం గాదు. పాలపిట్ట నాకు తెల్వదా? చిన్నప్పటి సంది ప్రతి దసరాకు చూస్తున్న. ఇది దాని అంతలేదు. వీపు వరినారు లెక్కున్నది. రెక్కకు నీలి రంగు పూసినట్టున్నది. కండ్లకు నల్ల గంతలు కట్టుకున్న దొంగ లెక్క. తోకను ఎవరో కత్తిరించిండ్రు. తోక కింద..." అని ఆగారు. "తోక కింద అమ్మవారి కుంకుమ."

నేను పుస్తకం తీసి, పొద్దున సరళ చెప్పినది చెప్పినట్టు చదివాను. ఆయన కదలకుండా విన్నారు.

"ఎవరు చెప్పిండ్రు ఇది?"

సరళ లేచి నిలబడింది.

"మిరపకాయ అన్నవా బిడ్డా? నేను కుంకుమ అన్న."

"ఎరుపు ఒక్కటే సార్. మీరు గుళ్లె చూసిండ్రు, నేను మార్కెట్ల చూసిన."

ప్రిన్సిపాల్ గారు నవ్వడం మేము అప్పుడే మొదటిసారి చూశాం. నేను పేరు చెప్పాను: పొన్నంకి పిట్ట. వానకాలంలో ఉత్తరాన కొండల దగ్గర గూడు కట్టి, చలికి ముందు దక్షిణానికి వెళుతుంది. దారిలో ఎక్కడో ఒక పొద కింద దిగి అలసట తీర్చుకుంటుంది. శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా ఈ పక్షి కుటుంబాన్ని పిలిచేది మన తెలుగు మాటతోనే, 'పిట్ట' అని.

"మన పిట్టనా?" అన్నారు ఆయన.

"మన పిట్టే."

ఇక విద్యార్థులను ఆపడం నా వల్ల కాలేదు. రాజమౌళి ఈల వేశాడు, రెండు స్వరాల్లో. నేను పుస్తకాన్ని ప్రిన్సిపాల్ గారి ముందుంచాను. "నియమం ప్రకారం రెండో సాక్షి సంతకం కావాలండీ."

ఆయన కలం మూత తీశారు గాని వెంటనే పెట్టలేదు. నా వైపు చూశారు. "దీని మీద సంతకం పెట్టి, ట్రాక్టర్ కాయితం మీద గూడ నేనే పెట్టాలె. రెండూ ఒక్క చేతితోని ఎట్ల పెడుదు?"

అధికారి తనకు తానే లెక్క వేసుకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు.

ఆయన సరళ పేరు కింద సంతకం పెట్టారు. "సైకిల్ స్టాండు ముంగటి దిక్కు కడుదం. కొమురయ్యా, కుర్చీ ఈడనే ఉండనీ."

బస్తీలో దీపాలు వెలిగాయి. సరళ అప్పటికే గోడ దాటి పరుగెత్తుతోంది.

మరుసటి ఏడు

మరుసటి ఏడు సద్దుల బతుకమ్మకు ముందే మా నమోదు ముగించాం. తర్వాత నేను మళ్ళీ కొయ్యలు పాతి దారాలు కట్టించాను, ఈసారి లచ్చవ్వ వాళ్ళ కోసం. లాంటానా పొదను దారాలకు బయట ఉంచాను. లచ్చవ్వ వచ్చి అన్నీ తిరిగి చూసి, "మూల గడి సరిగ్గున్నది సార్," అని ఒప్పుకుంది.

పూలు కోసిన సాయంత్రం నేను బావి దగ్గరికి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గారు ఒక్కరే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఊరికి ఇంకా వెళ్ళలేదు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"వచ్చింది సార్! ఇప్పుడే! అదే కుంకుమ, అదే గంతలు. రాయుండ్రి, రాయుండ్రి."

ఆ వార్త విని నా లోపల ఏమైందో చెప్పలేను. పుస్తకం మాత్రం తెరవలేదు. "మీతోపాటు ఇంకెవరు చూశారు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

నేను పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాను.

"అరె, నేను ప్రిన్సిపాల్‌ను సార్!"

"అవునండీ."

ఆయన కుర్చీలోంచి లేచి, బావి గట్టు మీద ఒక పక్కగా కూర్చుని, పక్కన చేత్తో తట్టారు.

"అయితె కూసోండ్రి," అన్నారు గొంతు తగ్గించి. "మళ్ల వస్తది."

కూర్చున్నాను.